ఫుల్హెన్సియో తిన్న రొట్టె

పండగకు ఇంటికొచ్చే చనిపోయిన పెద్దలు, వాళ్ళ ఫోటోల ముందు వేదికమీద పెట్టిన తిండిని నోటితో తినరు. దానిలోని రుచిని తీసుకుని వెళ్ళిపోతారు. అందుకే పెద్దల పండగ మర్నాడు మనం దించుకునే రొట్టె చప్పగా ఉంటుంది. ప్వెబ్లాలోని మా ఇంట్లో ఈ సంగతి అందరికీ నేర్పినదాన్ని నేనే కనుక, జరిగినదానికి మరొకరిని తప్పుపట్టే వీలు నాకు లేదు.

ఈ ఏడాది నా మనవరాలు యారెత్సి వెన్న, పాలు, గుడ్లు లేకుండా పెద్దల రొట్టె చేసింది. కొబ్బరినూనె, బాదంపాలు, నానబెట్టిన చియా గింజలు. ఆనవాయితీగా పైన పిండితో చేసి అమర్చే ఎముకల ఆకారాలు పొయ్యిలో పక్కకు జారి, రొట్టెకు కట్టు కట్టించాలేమో అన్నట్టు తయారైంది.

"తాతయ్య తింటే వచ్చే ఏడాదినుంచి నేనే చేస్తా అమ్మమ్మా!"

"మీ తాతయ్య వెన్న లేని రొట్టెను చేత్తో ముట్టేవారు కాదు."

"ఇప్పుడు ఆయనకు చేతులెక్కడివి?"

నా భర్త ఫుల్హెన్సియోకు, బ్రతికుండగానూ పోయాకానూ, నలభై ఒక్క ఏళ్ళు రొట్టె చేసినదాన్ని. ఆ హక్కును కొబ్బరినూనెకు ధారపోసే ఉద్దేశం నాకు లేదు. నా వెన్నరొట్టె ఒకదాన్ని, పిల్లకు వాసన తెలియకుండా రెండు గుడ్డల్లో బిగించి చుట్టి, ఆయన ఫోటో వెనుక బంతిపూల కింద దాచాను.

మర్నాడు తీర్పరి నా ఆడపడుచు హెర్మెలిండా. యారెత్సి రొట్టె కొరికి, చాలాసేపు నమిలింది.

"వదినా, సున్నం కొట్టిన గోడ దీనికంటే నయం."

"అంటే తాతయ్య తినేశాడు!" యారెత్సి గంతేసింది.

"దానికి మొదట్నుంచీ రుచి లేదు," అన్నాను.

"నువ్వు ముందు తిని చూశావా?"

చూడలేదు. పెద్దలకంటే ముందు ఎంగిలిపడరాదు. ఆ నియమమూ నాదే.

నా రొట్టె బయటికి తీశాను. "ఇది కొరుకు, హెర్మెలిండా. చప్పగా ఉంటుంది. మీ అన్నయ్య తిన్నది దీన్నే."

ఆమె కొరికి కళ్ళు మూసుకుంది. "అబ్బ! వెన్న, సోంపు, నారింజ తొక్క... ఏదీ ఇసుమంతైనా తగ్గలేదు వదినా! నీకు ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు!" తరువాత నమలడం ఆపింది. "అయితే... అన్నయ్య దీన్ని ముట్టనే లేదా?"

"పోనీలే అమ్మమ్మా," అంది యారెత్సి జాలిగా. "కడుపు నిండిపోయిందేమో."

నలభై ఒక్క ఏళ్ళు! ఫోటోను గోడవైపు తిప్పాను.

"వచ్చే ఏడాది నువ్వే చెయ్యి," అన్నాను. "చియా గింజలు ఇంకో గుప్పెడు వెయ్యి."

హెర్మెలిండా చేతిలోని నా రొట్టె లాక్కుని, కుర్చీలో కూర్చుని, చివరి ముక్కవరకూ నేనే తిన్నాను. నిజంగానే చాలా బాగుంది.