చెల్లెలు చెప్పని అడ్రసు

తిరుమల ఎడమచెయ్యి పూర్తిగా చాపుకోలేదు. మోచేతి దగ్గర ఎముక విరిగి, వంకరగా అతుక్కుంది. విరిచినవాడు మొగుడు నాగబాబు. కొల్లేటి గట్టు మీద, పట్టపగలు, పదిమంది చూస్తుండగా పడవ తెడ్డుతో కొట్టాడు. కట్టు విప్పిన వారానికే ఆమె కైకలూరులో బస్సెక్కి విజయవాడ వచ్చేసింది.

మర్నాడే నాగబాబు ఆమె చెల్లెలు నాగమల్లేశ్వరి ఇంటి మీద పడ్డాడు. "మీ అక్క ఎక్కడుందే?" అంటూ జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. అక్క కొత్త నంబరు ఆమె ఫోనులోనే ఉంది. అయినా చెప్పలేదు.

"చచ్చిపోయిందనుకో" అంది, నుదుటి నుంచి నోట్లోకి కారిన రక్తం ఉమ్మేసి.

మూడేళ్లు గడిచాయి. పటమటలో శివపార్వతి గారింటి కింద, రోడ్డు వైపు గదిలో తిరుమల చేపలు కోసి అమ్ముకుంటోంది. శివపార్వతి గారి అమ్మాయి సుస్మిత బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో పనిచేస్తుంది. ఆమే తిరుమల ఫోనులో 'సంతబాట' అనే యాప్ పెట్టి నేర్పింది. పొద్దున్నే చేపల ఫొటో పెడితే చుట్టుపక్కల వాళ్లు ఆర్డరు ఇచ్చేవారు. ఆర్డరు ఇచ్చినవాళ్లకే అడ్రసు తెలిసేది. ఆమె ముఖం ఎవరికీ కనపడేది కాదు. "తిరుమల గారూ, ముక్కలు చాలా బాగా కొట్టారు" అని రాసేవారు. అంతకుముందు ఆమెను గారు అన్నవాళ్లు లేరు.

మొన్న వేసవిలో ఆ యాప్‌ని వేరే కంపెనీ కొనేసింది. కొత్త నిబంధనలు ఒప్పుకుంటేనే తెరుచుకుంటానంది. బేరాల హడావిడిలో, పొలుసులంటిన వేలితోనే తిరుమల సరేనని నొక్కేసింది. సాయంత్రం సుస్మిత అదంతా చదివి కంగారుపడింది.

"అక్కా, ఇది తీసేద్దాం. అందరి ఫోనుల్లో ఉన్న నంబర్లూ, ఫొటోలూ వీళ్లు లాక్కుంటారంట. వేరేదాంట్లోకి మారిపోదాం."

"నూట ఎనభై ఇళ్లమ్మా. అందరూ దీంట్లోనే ఉన్నారు. కొత్తదాంట్లో నన్నెవరు వెతుక్కుంటారు?"

"నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? కానీ ఊళ్లోంచి వచ్చినప్పుడు అన్నీ ఒకసారి వదిలేసి వచ్చాను. మళ్లీ మొదట్నుంచి అంటే ఒళ్లు మండుతోంది."

అలా అందేగానీ ఆ రోజు నుంచి ఫోను మోగితే ఎవరో చూసుకోకుండా ఎత్తేది కాదు. యాప్ తీసేద్దామని వేలు పెట్టేది. అంతలో ఆర్డరు వచ్చేది. వేలు వెనక్కి తీసుకునేది.

ఆదివారం పొద్దున పది గంటలకు గది ముందు రద్దీగా ఉంది. తిరుమల కత్తిపీట ముందు కూర్చుని, పాదంతో చెక్కను తొక్కిపట్టి శీలావతి చేపని కోస్తోంది.

"నాక్కూడా ఒకటి కొయ్యి" అన్నాడెవరో.

ఆ గొంతు వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి. తలెత్తేలోపే నాగబాబు మోకాలు ఆమె మూతి మీద పడింది. పన్ను ఊడి చేపముక్కల్లో పడింది. ఐసుపెట్టె తన్నేశాడు. జుట్టు చేతికి చుట్టుకుని కత్తిపీట పక్కనున్న గోడ దాకా ఈడ్చాడు. చేపలకి వచ్చిన రిటైరైన మాస్టారు రామకోటేశ్వరరావు గారు "ఒరేయ్, వదులు!" అంటూ అడ్డం వచ్చారు. ఆయన్ని మెట్ల మీదకు తోసేశాడు. మణికట్టు విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. మిగతావాళ్లు రోడ్డు మీదకు పరిగెత్తారు. ఇద్దరు అక్కడే నిలబడి వీడియో తీస్తున్నారు.

చేపతలలు కొట్టే కత్తి నాగబాబు చేతికి అందింది. మొదటి వేటు ఆమె ఎడమ భుజంలో దిగింది.

"మూడేళ్లు గదే! మూడేళ్లు నన్ను ఊళ్లో నవ్వులపాలు చేశావు!"

రెండో వేటుకి చెయ్యెత్తాడు. తిరుమల ఆ చేతిని కుడిచేత్తో ఒడిసి పట్టి, ఒళ్లంతా బరువేసి కత్తిపీట మీదకు వంచింది. కొరమేనుని కోసినట్టే కోసింది. రెండు వేళ్లు తెగి కిందపడ్డాయి. నాగబాబు గావుకేక పెట్టి, రెండో చేత్తో ఆమె గొంతు పట్టుకున్నాడు. ఆమె కళ్లకు చీకట్లు కమ్మాయి. అప్పుడే సుస్మిత మెట్లు దిగి వచ్చి, షట్టరు లాగే ఇనుపకడ్డీతో అతని మోకాలి మీద కొట్టింది. పడిపోయాక కూడా కొట్టింది. పోలీసులొచ్చి కడ్డీ లాక్కునేదాకా ఆపలేదు.

ఆస్పత్రిలో ఎస్సై యేసుకుమార్ తిరుమల మంచం పక్కన కూర్చుని చెప్పాడు. "అతని ఫోనులో 'మీకు తెలిసినవారి దుకాణం' అని మీ ముఖం, మీ వీధి చూపించిందమ్మా. మీ చెల్లెలికీ ఆ యాప్ ఉంది. ఆమె దగ్గర మీ నంబరుంది, అతని దగ్గర ఆమె నంబరుంది. అలా కలిపేసింది."

నాగమల్లేశ్వరి తలుపు దగ్గరే నిలబడి ఏడుస్తోంది. "నేను చెప్పలేదక్కా. నీ మీద ఒట్టు."

"నువ్వెక్కడ చెప్పావే? నీ ఫోను చెప్పింది."

నాగమల్లేశ్వరి చేతిలోని ఫోనును నేలకేసి కొట్టింది. ముక్కలయ్యాక చెప్పు కాలితో తొక్కింది. నర్సు వచ్చి కేకలేసింది.

తిరుమల తన ఫోను సుస్మితకి ఇచ్చింది. "ఇప్పుడే తీసెయ్యమ్మా. ఒక్క క్షణం కూడా ఉంచొద్దు."

"తీయకండి" అన్నాడు ఎస్సై. "ఈ నెలలో ముప్పై ఏడుసార్లు మీ దుకాణం చూశాడు. దొంగపేరుతో 'మీరు ఒక్కరే ఉంటారా?' అని కూడా రాశాడు. కోపంలో చెయ్యి చేసుకున్నానంటాడు రేపు. కాదు, చంపాలనే వచ్చాడని చెప్పేది ఇదొక్కటే. కేసయ్యేదాకా ఉండాలి."

తిరుమల సుస్మిత చేతిలోని ఫోను వైపు చూసింది. తనను పట్టిచ్చినదాన్నే సాక్ష్యానికి దాచుకోవాలి. కుట్ల కింద భుజం సలుపుతోంది.

"ఉంచండి. కానీ నా ముఖం కనపడకూడదు" అంది చివరికి.

సుస్మిత అరగంట వెతికితే గానీ ముఖం దాచే మీట దొరకలేదు.

నాగబాబుకి బెయిలు రాలేదు. రెండు నెలల తర్వాత తిరుమల గది తెరిచింది. యాప్‌లో ఆర్డర్లు తీసుకోవడం మానేసి, కావలసినవాళ్లు వచ్చి కొనుక్కోమంది. సగం మంది రాలేదు. వీడియో చూసి భయపడ్డారని ఎవరో అన్నారు. వచ్చిన సగం మంది మాత్రం బయట వరుసలో నిలబడ్డారు. ఆమె ఒక్కొక్కరి ముఖం చూసి, ఎవరో గుర్తుపట్టాకే చేప తూచింది.