పిట్ట వినపడని మూడేళ్లు

తైటా కొండల్లో కింది అడవిని మ్వకిషా ఇరవై రెండేళ్లుగా చెవులతోనే కనిపెట్టుకుని ఉన్నాడు. అతని పని పిట్టల లెక్క. పొద్దు పొడవకముందే దారి పట్టి, గుర్తు వేసిన ప్రతి చెట్టు దగ్గరా పది నిమిషాలు నిలబడి, ఏ పిట్ట ఎన్నిసార్లు కూసిందో రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది బొటనవేలంత బూడిదరంగు పిట్ట. ఈ కొండల మీద తప్ప లోకంలో మరెక్కడా లేదది. పొదల్లో దాక్కుంటుంది, కంటికి చిక్కదు. సన్నటి గొంతును బట్టి పోల్చుకోవలసిందే.

మూడేళ్లుగా ఆ గొంతు వినపడలేదు.

వానలు వెనకబడినందువల్ల అనుకున్నాడు ముందు. పొద్దున్నే అడవిని ముంచెత్తే మంచు ఇప్పుడు పై శిఖరాల దగ్గరే ఆగిపోతోంది, చెట్ల మీది నాచు ఎండి రాలుతోంది. ఇంతలో ఒకరోజు భార్య మ్ఘోయ్ మూడుసార్లు పిలిచినా అతను పలకలేదు.

"చెవుల్లో సీసం పోసుకున్నావా ఏంటయ్యా?" అంది ఆమె.

ఆ తిట్టుకు అతని ప్రాణం లేచివచ్చింది. పోయింది పిట్ట కాదు, తన వినికిడి!

ఆ నెలలోనే మ్కవాసి వచ్చింది. పక్క కొండ పిల్ల, పిట్టల గొంతులు అతని దగ్గరే నేర్చుకుంది. ఎండలు ముదిరే కాలంలో ఏ అడవిని ఎలా నిలబెట్టుకోవాలో తేల్చే పరిశోధన ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. నాటడానికి ఉన్న నారు, మనుషులు పై అడవికో కింది అడవికో ఒక్కదానికే సరిపోతారని, అతని లెక్కలు చూస్తే కింది అడవిని వదులుకోక తప్పేట్టు లేదని నెమ్మదిగా చెప్పింది.

"నా సున్నాలు నమ్మకు తల్లీ," అన్నాడు మ్వకిషా. "నాకు చెముడొచ్చింది."

"అలా చెబితే ఈ పని నీకుండదు మామయ్యా."

"పోతే పోనీ. పిట్ట ఉంటే చాలు."

ఆమె అడవి నిండా చెట్లకు నలభై రికార్డర్లు కట్టించింది. పిట్టలు గూళ్లు కట్టే కాలమంతా అవి వింటూనే ఉన్నాయి. అన్నాళ్లూ మ్వకిషా హుషారుగా తిరిగాడు, చెవిటివాణ్నని ఊళ్లో తనే నవ్వుతూ చెప్పుకున్నాడు.

నాలుగో నెలలో మ్కవాసి మళ్లీ వచ్చింది. ఫోను తీసి ఒక కూత వినిపించింది. సన్నగా, దారం లాగినట్టు. అతని ముఖం విప్పారింది.

"ఇదే! ఏ వైపు దొరికింది? వాగు పక్కనేనా?"

"పై అడవిలోది మామయ్యా. కింద నలభైలో ఒక్కదానికీ చిక్కలేదు."

అతను ఆ కూతను మరోసారి పెట్టించుకుని విన్నాడు.

"అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.

ఆమె తల ఊపింది. కళ్లు తుడుచుకుంది.

ఊరివాళ్లకు ఆ సంగతి ఇంకెవరి నోటా వినపడకూడదని, తనే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పిట్ట లేకపోయినా నీళ్లు ఆ అడవి నుంచే వస్తాయని, గొడ్డలి తేవద్దని బతిమాలాడు. నారంతా పై అడవికి పోయింది. అతన్నీ అక్కడికే మార్చారు.

పైన మొదటి రోజు మూడుచోట్ల ఆ పిట్ట కూసింది. మ్వకిషా మూడూ రాసుకున్నాడు. ఆపైన తడిసిన రాతి మీద కూలబడి, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చాడు.