కూర్చున్న కొలత

మాస్టరు దుకాణంలో ఒక పద్ధతి ఉంది. కుట్టిన బట్టను కాగితంలో చుట్టి చేతిలో పెట్టి పంపడం ఉండదక్కడ. ఎంతటివారైనా తెర వెనక్కి వెళ్లి వేసుకుని వచ్చి నిలబడాల్సిందే. మాస్టరు మెడలో టేపుతో చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఎక్కడ పట్టింది?" అని అడుగుతాడు. ఎక్కడా పట్టలేదంటే నమ్మడు. చేతులెత్తమంటాడు, నాలుగడుగులు వెయ్యమంటాడు. "ఇప్పుడు మొహమాటపడితే రేపు చంకలో చిరుగుతుంది. అప్పుడు తిట్టుకునేది నన్నే" అంటాడు. ఆ ప్రశ్నకు ఊళ్లో సగం మంది మొహమాటం లేకుండా జవాబు చెప్పినవాళ్లే. చెప్పనిది ఆయన భార్య ఒక్కతే.

ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. ఊరంతటికీ సిస్టరు. మంచం పట్టిన రోగులకు వెనక పుళ్లు పడకుండా చూసే వార్డు ఆవిడది. తడి, ఒత్తిడి, రాపిడి, ఈ మూడూ ఒకచోట చేరితే చర్మం లేచిపోతుందని కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెప్పేది ఆవిడే. "చూపించడానికి సిగ్గేంటి తాతా, సిగ్గుపడితే పుండు మానుతుందా?" అని రోజుకు ఒక్కరినైనా కసరకుండా డ్యూటీ దిగదు. అలాంటి మనిషికి, చూపించలేని చోటనే పుండు లేచింది. నవ్వొస్తుంది, నిజమే. కానీ ఆవిడకు ఏడుపొచ్చింది.

సంగతి సైకిలుతో మొదలైంది. యాభై దాటాక కొనుక్కుంది సిస్టరు ఆ సైకిలు. మొదట ఆసుపత్రికి వెళ్లడానికి, తర్వాత ఆదివారాలు ఓ గుంపుతో కలిసి ఊరు దాటి పోవడానికి. వారమంతా ముక్కుకు పట్టిన వార్డు వాసన ఏటి వంతెన ఎక్కగానే గాలికి పోయేది. ఆ సైకిలంటే ఆవిడకు ప్రాణం. పెళ్లయ్యాక తనకోసమని తను కొనుక్కున్న మొదటి వస్తువు అది.

ఆ గుంపు ఏటేటా సముద్రం ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ దాకా వెళ్లి, చీకటి పడేలోపు తిరిగొస్తుంది. పోయినేడు సిస్టరు కూడా బయల్దేరింది. వెళ్లేటప్పుడే, సగం దారైనా కాకముందే, వంతెన దగ్గర దిగిపోయింది. సీటు మీద ఇంకొక్క నిమిషం కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. అడిగినవాళ్లకు మోకాలు నొప్పి అని చెప్పింది. మంచినీళ్ల డబ్బాలు తెచ్చే వ్యానులో సైకిలెక్కించుకుని ఇంటికొచ్చింది.

ఇంటి ముందరి దుకాణం మెట్ల మీద నిలబడి ఉన్న మాస్టరు ఊరుకోవచ్చు కదా. "ఏమే, సైకిలెక్కి పోయావనుకున్నా. సైకిలునే ఎక్కించుకొచ్చావా!" అన్నాడు. లోపల కూర్చున్న నలుగురూ ఘొల్లుమన్నారు.

సిస్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వచ్చే ఏడు లైట్‌హౌస్ దాకా పోయి రాకపోతే ఈ సైకిలు అమ్మేస్తాను. ఒట్టు!" అంది, ఆ నలుగురికీ వినపడేట్టు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇద్దరి నోళ్లూ ఒకేసారి జారాయి. మాస్టరుకు ఆ పూట అన్నం సహించలేదు. తప్పయిపోయిందని నోటితో చెప్పడం ఆయనకు ఈ జన్మలో చేతకాదు. ఏం చెప్పాలన్నా సూదితో చెప్పాల్సిందే. కొన్నాళ్లకు సాగే బట్ట తెచ్చాడు, మెత్తటి స్పాంజి తెచ్చాడు, సిస్టరుకు సైకిలు నిక్కరు కుట్టాడు. రెండు కాళ్ల నడుమ తన సొంత కుట్టు వేశాడు. బట్ట రెండు మడతలు వేసి పైన రెండు వరసలు నడిపించే కుట్టు అది. బట్ట చిరగాలే గానీ ఆ కుట్టు విడదని పేరు. ఆ కుట్టు చూసే జనం పక్క వీధిలో దుకాణాలు వదిలి ఈయన దగ్గరికొస్తారు.

సిస్టరు వేసుకుని వచ్చి నిలబడింది. మాస్టరు చుట్టూ తిరిగాడు.

"ఎక్కడ పట్టింది?"

"ఎక్కడా పట్టలేదండీ. ఒంటితో పుట్టినట్టుంది."

అబద్ధం కాదు. నిలబడి ఉన్నంతసేపూ అది అలాగే ఉంది.

సీటెక్కి గంట తొక్కాక తెలిసింది అసలు సంగతి. ఆ గట్టి కుట్టు, సరిగ్గా మనిషి బరువంతా ఆనే చోట, తాడులా ఒరుసుకుంది. దానికి తోడు సిస్టరు చేసిన ఘనకార్యాలు రెండు. లోపల ఏమీ లేకుండా నిక్కరు వేసుకోవడం మర్యాద కాదని మామూలు లోదుస్తు తొడిగి పైన ఇది వేసుకునేది. దాని అంచులు రెండు పక్కలా ఇంకో రెండు తాళ్లయ్యాయి. ఇంటికొచ్చి ఉతికాక, అది పదిమంది కంట పడకూడదని, వెనక గదిలో దండెం మీద వేసి పైన తువ్వాలు కప్పేది. తువ్వాలు కింద అది ఎప్పటికి ఆరాలి? మళ్లీ ఆదివారానికి చెమ్మతోనే ఒంటి మీదికెక్కేది. తడీ, ఒత్తిడీ, రాపిడీ మూడూ అయ్యాయి. పాఠం చెప్పే మనిషికి ఆ పాఠం పడుకున్నవాళ్లకే అనిపించింది గానీ, కూర్చున్నవాళ్లకు కూడా అని తట్టలేదు.

మాస్టరుతో చెబుదామంటే నోరు రాలేదు. ఆ కుట్టు ఆయన అభిమానం. దానికి వంక పెడితే ఎంత చిన్నబుచ్చుకుంటాడో ఆవిడకు తెలుసు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టయింది. అందుకని మళ్లీ మోకాలి మీదికి తోసింది.

పాపం మాస్టరు నమ్మాడు. ఆదివారం సాయంత్రం నూనె వెచ్చచేసి, మిషను మీద వంగి వంగి పట్టేసిన నడుముతో కింద కూర్చుని, భార్య మోకాలికి మర్దన చేసేవాడు. ఆవిడ దిండు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుని, చేసిన పాపానికి పళ్లు బిగబట్టేది.

"నొప్పి తగ్గిందా?"

"తగ్గిందండీ."

"పోయినవారం ఎడమ మోకాలు కదే? ఇది కుడిది."

"ఆఁ... ఇటు మారింది."

మాస్టరు ఆవిడ వంక ఒక చూపు చూసి, రెండో మోకాలికి కూడా నూనె రాశాడు.

లైట్‌హౌస్ ప్రయాణం నెలరోజుల్లోకి వచ్చింది. ఆ గుంపుకు నాయకురాలు డ్రిల్లు టీచరు. బళ్లో పిల్లల్ని పరిగెత్తించీ పరిగెత్తించీ గొంతు పెద్దదైపోయిన మనిషి. రహస్యం చెప్పినా రెండు వీధులకు వినపడుతుంది. ఓ ఆదివారం టీ కొట్టు దగ్గర అందరూ బెంచీల మీద చతికిలబడితే సిస్టరు గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. టీచరు దగ్గరికొచ్చింది.

"ఏం సిస్టరూ, కూర్చోవేం? మోకాలా, ముడ్డా? నిజం చెప్పు."

సిస్టరు చేతిలో టీ ఒలికింది. "మెల్లగా టీచరుగారూ..."

"మెల్లగా ఏంటి మెల్లగా! నాకూ అయింది. ఇక్కడున్న మీసాలరాయుళ్లు అందరికీ అయింది. అడుగు. ఒక్కడూ చెప్పడు. అందరికీ మోకాలి నొప్పులే!"

బెంచీ మీద మీసాలరాయుళ్లు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. టీచరు సిస్టరును గోడ పక్కకు లాక్కుపోయి, తన లెక్క ప్రకారం గుసగుసగా చెప్పింది. నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. బయల్దేరే ముందు రాసుకునే చోట పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించాలి. సీటు మరీ ఎత్తు పెట్టుకుంది, అందుకే పెడలు అందక నడుము తక్కెడలా ఇటూ అటూ ఊగుతోంది, వేలెడంత దించాలి. మధ్యమధ్య పెడళ్ల మీద లేచి నిలబడి ఒంటికి గాలి తగలనివ్వాలి. దిగగానే తడి నిక్కరు విప్పెయ్యాలి, ఉతికి ఎండలో ఆరెయ్యాలి. "అన్నిటికన్నా ముందు పుండు మాననీ. మానకుండా సీటెక్కావంటే నీ సైకిలు గాలి నేనే తీసేస్తా" అంది. చివరికి నిక్కరు వెనక వేలు పెట్టి తడిమి చూసి, "ఈ కుట్టు వేసిన మహానుభావుడెవడు? సైకిలుకు కుట్టాడా, గోనెసంచికి కుట్టాడా?" అంది.

సిస్టరు గ్లాసు కొట్టులో ఇచ్చేసి సైకిలు తీసింది. మిగతావన్నీ చెయ్యొచ్చు. ఆ ఒక్కటే తన చేతిలో లేదు. అదలా ఉన్నంతకాలం లైట్‌హౌసు లేదు, సైకిలూ ఉండదు.

ఇంటికొచ్చి, స్నానం చేసేటప్పుడే నిక్కరు ఉతికి, టీచరు మాట గుర్తున్నా చెయ్యి రాక, ఎప్పటిలాగే వెనక గదిలో తువ్వాలు కింద దాచింది. వంటింట్లో పని చూసుకుంటుంటే మిషను చప్పుడు ఆగిపోయినట్టనిపించింది. ఎంతసేపటికీ మళ్లీ మొదలవలేదు. వెళ్లి చూసింది.

మాస్టరు వెనక గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు నేల మీద పడి ఉంది. ఆయన చేతిలో తిరగేసిన నిక్కరు. కుట్టు పక్కన, ఉతికినా వదలని మరక. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"ఏంటండీ?"

"రక్తం. ఈ వయసులో. నువ్వు నర్సువి, నీకు తెలీకుండా ఉండదు. పెద్ద జబ్బేనా?" నిక్కరును గుప్పిట్లో నలిపాడు. "మోకాలు మోకాలని నాకు మోకాలు చూపిస్తూ... నాకు చెప్పకుండా ఎక్కడికి పోదామనుకున్నావే?"

డాక్టరు గది బయట బల్ల మీద కూర్చునే మనుషుల ముఖాలు సిస్టరు రోజూ చూస్తుంది. లోపల ఏం చెబుతారోనని గోడకేసి చూసే ముఖాలు. అలాంటి ముఖం తన ఇంట్లో, తన మొగుడికి ఉండడం చూసేసరికి ఆవిడకు సిగ్గూ మొహమాటం ఎటుపోయాయో పోయాయి.

"జబ్బు కాదండీ. మీ కుట్టు."

"ఆఁ?"

"మీ కుట్టే. కూర్చుంటే సరిగ్గా ముడ్డికి తగులుతుంది. ఒరుసుకుని ఒరుసుకుని పుండైంది. పోయినేడు దిగిపోయింది కూడా పుండు వల్లే. మోకాళ్లకేం రాలేదు. రెండూ ఉక్కుముక్కల్లా ఉన్నాయి."

మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు. చేతిలో ఉన్నదాంతో ముఖం తుడుచుకోబోయి, అదేమిటో చూసుకుని ఆగాడు. అప్పుడొచ్చింది కోపం.

"వేసుకున్ననాడు అడిగానా లేదా? ఎక్కడ పట్టిందని అడిగానా లేదా?"

"అప్పుడు నిలబడి ఉన్నా కదండీ."

మాస్టరు నిక్కరును వెలుగుకు పెట్టి కుట్టు వెంట బొటనవేలు నడిపించాడు. తర్వాత లేచి, "సైకిలు లోపలికి పట్రా" అన్నాడు.

దుకాణం తలుపు దగ్గరగా వేసి, సైకిలును గోడకు, బట్టల బీరువాకు మధ్య ఇరికించి నిలబెట్టారు. సిస్టరు ఎక్కి, దారిలో ఎలా వంగుతుందో అలా వంగి కూర్చుంది. మాస్టరు టేపు తీసుకుని నడుము నుంచి సీటు దాకా, సీటు నుంచి తొడ దాకా కొలిచాడు. ఒక కాలు కిందికి తొక్కించి కొలిచాడు, పైకి తెప్పించి కొలిచాడు. ఒక్క కొలతా పాతదానితో కలవలేదు.

"ఇన్నేళ్లూ జనాన్ని నిలబెట్టి కొలిచానే" అన్నాడు నేల మీదనుంచే. "కూర్చుని బతికే జనాన్ని కూడా. ఆ బస్సు డ్రైవరు ప్యాంటు వెనక చిరిగి మళ్లీ మళ్లీ తెస్తే, వాడి తిండిని తిట్టి పంపానే గానీ..."

"పోనీలెండి. ఆయనకు కూడా మోకాలు నొప్పే అయ్యుంటుంది" అంది సిస్టరు. మాస్టరుకు నవ్వాగలేదు.

తన చేత్తో వేసిన కుట్టును తన చేత్తోనే విప్పాడు. విడిపోకూడదని వేసింది కదా, బ్లేడుతో ఒక్కో పోగూ తెంపాల్సి వచ్చింది. కొత్తదానికి నడుమ కుట్టే లేకుండా ఆకులా కోసిన ఒకే ముక్క పెట్టి, కుట్లన్నీ తొడల పక్కకు జరిపి, అంచులు ఒంటికి తగలకుండా బయటికి మడిచాడు. చూడ్డానికి తిరగేసి తొడుక్కున్నట్టుంది. "నా పేరు చెప్పకు ఎవరికీ" అన్నాడు.

పుండు మానేదాకా సిస్టరు ఆసుపత్రికి నడిచే వెళ్లింది. తనను తానే రోగిని చేసుకుని, కడిగి, తడి లేకుండా అద్ది, మందు రాసి, గాలికి వదిలింది. మానాక ఓ ఆదివారం దగ్గరి దూరం తొక్కి చూసుకుంది. ఆ రోజు ఉతికిన నిక్కరు దండెం మీద లేదు. వెతికితే, మాస్టరు దాన్ని దుకాణం ముందు తీగకు, నడి ఎండలో తగిలించాడు. ఎవరో అడిగితే, "సిస్టరు సైకిలు నిక్కరు" అన్నాడట, తల కూడా ఎత్తకుండా.

లైట్‌హౌస్ రోజు తెల్లారుతూనే బయల్దేరారు. టీచరు చెప్పినవన్నీ సిస్టరు చేసింది. పల్లం వచ్చినప్పుడల్లా లేచి నిలబడింది, ఆగినప్పుడల్లా జెల్లీ రాసుకుంది. ఎండెక్కాక ఎక్కడో టీచరు వెనక నుంచి కేకేసింది. "సిస్టరూ, నీ వంతెన ఎప్పుడో దాటేశాం!" సిస్టరు వెనక్కి తిరిగి చూసింది. వంతెన కనపడనంత దూరం వచ్చేశారు. పోయినేడు దిగిన చోటు ఈసారి ఆవిడకు తెలియనే లేదు. లైట్‌హౌస్ చేరాక ఆ తెల్లటి గోడకు రెండు అరచేతులూ ఆనించి కాసేపు అలాగే నిలబడింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి, చెమటతో కలిసిపోయాయి.

తిరుగు దారిలో ఎడమవైపు కొంచెం మంట మొదలైంది. లేస్తూ కూర్చుంటూ తొక్కింది. దిగలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. దుకాణం నిండా జనం. మెట్ల దగ్గర సైకిలు ఆనించి లోపలికొచ్చిన భార్యను మాస్టరు తల నుంచి కాళ్ల దాకా చూశాడు. పోయొచ్చావా అని అడగలేదు. ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోతోంది. మెడలోంచి టేపు తీశాడు.

"ఎక్కడ పట్టింది?"

పట్టలేదండీ అన్న మాట అలవాటుగా నాలుక చివరి దాకా వచ్చింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా ఆవిడ వంకే చూస్తున్నారు. పోయినేడు ఘొల్లుమన్నవాళ్లలో ఇద్దరున్నారు అందులో.

"ఎడమ ముడ్డి కింద" అంది సిస్టరు, డ్రిల్లు టీచరు అంత గట్టిగా. "తొడ మొదలయ్యే చోట. తిరిగొచ్చేటప్పుడు."

ఒకాయనకు దగ్గొచ్చింది. మాస్టరు నవ్వలేదు. బల్ల మీదనుంచి సుద్దముక్క తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ అక్కడే నిలబడి గుర్తు పెట్టుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నిలబడి కాదు" అని తన మిషను ముందున్న స్టూలును కాలితో ఆవిడ ముందుకు జరిపాడు.

సిస్టరు దాని మీద సైకిలు మీద కూర్చున్నట్టే వంగి కూర్చుని, అందరూ చూస్తుండగానే గుర్తు పెట్టింది.