అద్దంలో చెయ్యి

...ఆ ఎర్ర సున్నా మళ్లీ చుట్టారు, ఇంకా ఎన్నిసార్లు చుడతారో, చెయ్యి కనబడదనా, అంత పెద్ద తెర మీద చెయ్యి కనబడని గుడ్డివాళ్లెవరున్నారు, అయినా చుడతారు, బొమ్మను ఆపుతారు, వెనక్కి తిప్పి మళ్లీ చూపిస్తారు, ఎక్కడో ఏ ఊళ్లోనో ఒక సెలూన్ వాడు కుర్చీలో కూర్చున్న మనిషి గొంతు కోశాడట, ఎందుకు కోశాడో ఇన్నాళ్లయినా ఒక్కడూ చెప్పడు, ఎలా కోశాడో మాత్రం లేచింది మొదలు అదే పాట, అనుకుంటూ అతను గిన్నెలో బ్రష్షు తిప్పుతున్నాడు, కుర్చీలో బావ, భార్యకు అన్న, పక్క కొట్లో గడియారాలు బాగుచేసుకునే బావ, మెడచుట్టూ తువ్వాలు కట్టించుకుని తయారుగా ఉన్నాడు, ఈ సెలూన్‌కి రోజూ బోణీ గడ్డం బావదే, ఎదురుగా అద్దంలో బావ మొహం, దాని పైన తన మొహం, తన భుజం వెనక గోడకున్న టీవీ, టీవీ అడుగున తిరగబడి పరిగెత్తే అక్షరాలు, కొత్తలో కొరుకుడు పడేవి కావు, ఇప్పుడు అద్దంలోని అక్షరాలను కూడా గడగడా చదివేస్తాడు, ఎందుకొచ్చిన విద్యో.

చూడకూడదనే అనుకుంటాడు, చూస్తాడు, తెర మీది ఆ కత్తి పట్టు ఒకటి చంపుతోంది అతన్ని, బొటనవేలు పిడి కింద, చిటికెనవేలు తోక మీద, తనూ అలాగే పడతాడు, పని నేర్చిన వాడెవడైనా అలాగే పడతాడు, నాన్న నేర్పిన పట్టు, బరువు వేళ్ల మీదుండాలిరా, మణికట్టు మీద కాదు, అంటూ నాన్న ఊదిన బుడగకు నురగ పూసి గీయమనేవాడు, బుడగ ఠప్పున పేలితే తిట్టేవాడు కాదు, ఇంకోటి ఊదేవాడు, పేలకుండా గీసిన రోజున తన గడ్డమే అప్పగించి కళ్లు మూసుకున్నాడు, అంత మొండివాడు, కన్నకొడుకుతో కూడా నవ్వని మనిషి, కళ్లు మూసుకున్నాడు, దానికి మించిన మెప్పు ఈ జన్మలో అతనికి ఇంకెవరూ ఇవ్వలేదు, మనుషులు కళ్లు మూసుకుంటేనే ఈ పని, మూసుకోకపోతే కత్తి కత్తే, మొన్న లెక్చరరుగారు మూసుకోలేదు, అద్దంలో టీవీ చూశాడు, ఈ చేతిని చూశాడు, మళ్లీ టీవీ చూశాడు, జుట్టు చాల్లేవయ్యా, గడ్డం ఇంటి దగ్గర గీసుకుంటాను, పనుంది అన్నాడు, పనుందేమో నిజంగానే, ఉండకూడదా, లెక్చరర్లకు పనులుండవా.

పొద్దున బయల్దేరుతుంటే భార్య వాకిట్లోకి వచ్చి, ఏమండీ, ఇవాళ్టికి గడ్డాలు మిషనుతో కానిచ్చెయ్యకూడదూ అంది, ఎందుకే అన్నాడు, రాత్రంతా దొర్లుతూనే ఉన్నారుగా, చెయ్యి వణుకుతుందేమోనని, అంది, ఆమె కళ్లలోకి చూశాడు, అక్కడ జాలి ఉంది, జాలేనా, లేక జాలి ముసుగేసుకున్న ఇంకేదన్నానా, నిన్న అన్నం తింటూ ఆ బొమ్మే చూసిందిగా ఫోన్లో, అయ్యో పాపం అంటూ చూసింది, ఛీ, కట్టుకున్నదాన్ని కూడా అనుమానించే గతి పట్టిందా, ఎవరి కళ్లలోకి చూడబోయినా వాటి వెనక ఒక టీవీ నడుస్తున్నట్టే ఉంటోంది, మిషనుతో ఎన్నాళ్లని గీస్తాడు, నున్నగా గీసే చెయ్యి అనే కదా అందరూ వీధి చివరి పెద్ద సెలూన్ దాటుకుని ఇక్కడికొచ్చేది, ఆ చెయ్యి పోతే ఇంకేముంది తన దగ్గర, ఓ అద్దం, ఓ కుర్చీ, ఆ వెధవ టీవీ.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే, ఏరికోరి తెచ్చుకున్నాడు, వచ్చినవాళ్లకు కాలక్షేపమని, కట్టేసి చూశాడు కూడా, ఏం బాబాయ్, టీవీ పాడైందా, కొంపదీసి అమ్మేశావా అని ఒకటే గోల, మళ్లీ పెట్టాడు, ఎవరూ లేనప్పుడు కట్టేశాడు, అప్పుడు ఇంకా ఘోరం, తెర నల్లగా ఉంది, మాట మాత్రం ఆగలేదు, ఆ వార్తలు చదివేవాడి గొంతు, చూస్తూనే ఉండండి, చూస్తూనే ఉండండి, బుర్రలో ఎవరో చేరి చాప పరుచుకుని కూర్చున్నట్టు, పొమ్మంటే పోడు.

ఏంటి బావా, నురగ ఆరిపోతోంది, అన్నాడు బావ, అద్దంలో టీవీ చూసి కిసుక్కున నవ్వి, వాడిలాగా నన్నూ ఏమన్నా చేద్దామనా, కోసినా ఏం లాభం లేదు బావా, రెండు మరలూ ఓ స్ప్రింగూ రాల్తాయి, పైగా మా చెల్లెలికి నువ్వే సమాధానం చెప్పుకోవాలి, అని తన జోకుకి తనే నవ్వుకుని, తల వెనక్కి వాల్చి కళ్లు మూసేసుకున్నాడు, అదృష్టవంతుడు, వెంటనే గురక, అతను ఎడమ బొటనవేలితో చెంప సాగదీసి కత్తి ఆనించాడు, బాగానే నడుస్తోంది, చెంప అయింది, పైపెదవి అయింది, రెండో చెంప అయింది, చూశావా, ఏమీ లేదు, అంతా నీ పిచ్చి, అనుకుంటూ గడ్డం పైకెత్తాడు, మెడ వచ్చింది, సగం గీశాడు, గుటక వేస్తే కంఠం పైకి వెళ్లి కిందికొచ్చింది, చర్మం కింద టకటకమని నాడి, అద్దంలో రెండు చేతులు, ఒకటి తెర మీద, ఒకటి తనది, ఒకే పట్టు, ఏది ఎవరిదో ఒక్క క్షణం తెలియలేదు, తన చేతి చుట్టూ కూడా ఎర్ర సున్నా ఉన్నట్టనిపించింది, అప్పుడొచ్చింది ఆ ఆలోచన, ఇంకొంచెం నొక్కితే, అంతే, ఇంకొంచెం, ఎన్ని మెడలు గీశాడో లెక్కే లేదు, ఒక్కనాడూ రాని ఆలోచన, తన గొంతుతో కూడా రాలేదు, ఆ వార్తలవాడి గొంతుతో వచ్చింది, అయ్యబాబోయ్, కత్తి తీసేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

బావ ఒక కన్ను తెరిచాడు, ఏమైంది బావా, బ్లేడు మొద్దుబారింది, అన్నాడు, మొద్దుబారలేదు, అయినా కొత్తది సగానికి విరిచి కత్తిలో వేశాడు, టీవీ కట్టేశాడు, ఏం, కట్టేశావేం, తలనొప్పి బావా, అయితే పోనీలే, కానియ్, కొట్టు తియ్యాలి, అని బావ మళ్లీ కన్ను మూశాడు, సగం మెడ నురగ, సగం మెడ నున్నగా, మిషను తీద్దామా అనుకున్నాడు, మిషను తీస్తే ఒప్పుకున్నట్టే, ఏది ఒప్పుకున్నట్టో, ఎవరి ముందో, కత్తితో ముందుకు రాబోయాడు, కాళ్లు రావడం లేదు, నాన్నా, ఏం చెయ్యనురా నేను, పోయిన మనిషిని పట్టుకుని రా అంటున్నాడు, నోరు కూడా చెప్పినమాట వినడం లేదు, లెక్చరరుగారిది భయమనుకున్నాడు, ఆయనకు నిజంగానే పనుండి ఉంటుంది, భార్య జాలి అచ్చంగా జాలే, ఇదిగో బావ, గొంతు చాచి పడుకున్న బావ, వీళ్లెవరూ తనని అనుమానించలేదు, ఇన్నాళ్లూ అందరి కళ్లలో దొంగలా వెతికిన ఆ భయం ఎవరి దగ్గరా లేదు, తెర మీదిది చూసి తన చేతిని నమ్మడం మానేసినవాడు ఒక్కడే ఒక్కడు, వాడి చేతిలోనే కత్తి ఉంది, బావ కళ్లు మూసుకుని, గడ్డం ఇంకాస్త పైకెత్తి, ఎదురుచూస్తున్నాడు.