ఊక కప్పిన ఆట

అనకాపల్లి ఐస్ హాకీ జట్టు చరిత్రంతా కలిపి ఒక్క ఆట. చేపల ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే పైడిబాబే గోల్‌కీపరు. కల్యాణమండపం నిండా దిమ్మలు పరిచిందీ వాడే. తీరా ఆట వేళకి జట్టు ప్రెసిడెంటు దేవీప్రసాద్ మైకందుకున్నాడు. గంటన్నరైనా వదల్లేదు. ఐసంతా నీరైపోతుందని పైడిబాబు, ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ, ఊక కప్పేశాడు. ఆ ఊకలో స్కేట్లు దిగబడి ఆటగాళ్లంతా బోర్లాపడ్డారు. జట్టు ఆ పూటే మూతపడింది.

ఏడాది తిరిగాక జట్టుకి సంతాపసభ పెట్టి, "జట్టుని ముంచింది ఈ పైడిగాడి ఊకే!" అంటూ మొదలెట్టాడు దేవీప్రసాద్.

పైడిబాబు లేచాడు. జనానికి మజ్జిగలోకని తెచ్చిన ఐసు దిమ్మ మీద బస్తాడు ఊక కుమ్మరించాడు.

"ఏటిరా ఆ పని?"

"తమరు మళ్లీ మైకు అట్టుకున్నారు గదా బాబూ!"