ఎడమ ముందు జాకీ

మొన్నమొన్నటిదాకా పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని, థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడిని కాల్చే పెద్ద పళ్ళేన్ని మేం కాపురముండే బండి కిందనుంచి లాగడం. రాత్రంతా కారిన ఎర్రనూనె అందులో ఉండేది. దాన్ని డబ్బాలోకి వొంపి, పళ్ళెం తుడిచి, మళ్ళీ ఎడమ ముందు జాకీ కిందకి తోసి, చేతులు రుద్ది కడుక్కున్నాకే కాఫీ. ఆ జాకీ కుంగిపోతోందని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. పెనం మీద కొట్టిన గుడ్డు ఒక పక్కకి జారుకుంటుంటే, "వెండెల్, ఇల్లు ఒరిగింది" అన్నాను. "పెనం వంకరపోయి ఉంటుంది, చూసుకో" అన్నాడు నా మొగుడు తలెత్తకుండా. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, నేను పెనం మార్చాను. ఏళ్ళ తరబడి కాపురం చేశాక అలాగే అవుతుంది, కళ్ళెదుట కనిపించేదాన్ని వదిలేసి ముందు మన వంటసామాన్నే అనుమానిస్తాం. కొత్త పెనంలోనూ గుడ్డు ఎడమకే జారింది.

రిటైరయ్యాక ఉత్తరాన బిస్మార్క్‌లో ఇల్లు అమ్మేసి, బస్సంత బండిలోనే ఇల్లున్న ఈ మోటార్‌హోమ్ కొనుక్కున్నాం. చలికాలమంతా ఆరిజోనా ఎడారిలో ఉంటాం, ఎండలు ముదిరాక ఉత్తరానికి పోతాం. బండి ఎక్కడ ఆపితే అక్కడ, మీట నొక్కగానే నూనె ఒత్తిడికి నాలుగు మూలలా నాలుగు ఉక్కు కాళ్ళు దిగి, నేల ఎంత మిట్టపల్లాలుగా ఉన్నా ఇంటిని సమంగా నిలబెడతాయి. వాటినే జాకీలంటాం. బాగుచెయ్యడాలన్నీ వెండెల్‌వి, టార్చి పట్టుకోవడం నాది. "నా చేతి మీద కాదు, నట్టు మీద వెయ్యి." "కదలకు." "ఎక్కడ చూస్తున్నావు, పక్షుల్నా?" బడి వంటశాలలో ఊరి పిల్లలందరికీ వండిపెట్టి ఇంటికొచ్చి, మళ్ళీ వండి, ఆ తర్వాత ఏదో ఒక యంత్రం కిందకి టార్చి పట్టుకుని వంగిన సాయంత్రాలు నా జీవితంలో చాలా ఉన్నాయి. అన్నేళ్ళు వెలుగు చూపించిన నాకు లోపల ఏముందో ఒక్కసారి కూడా చెప్పలేదు వెండెల్. నేనూ అడగలేదనుకోండి.

ఈ చలికాలం మాత్రం వెండెల్ బండి కిందకి దూరలేదు. రోజూ జాకీల నూనె ట్యాంకులో కాస్త నూనె పోసేవాడు, అది రోజూ కారేది. ఒకరోజు భోజనం దగ్గర, "ఈ జాకీ ఇక బాగుపడదు, బండి అమ్మేద్దాం మార్లిస్. శనివారం ఒకాయన చూడ్డానికొస్తున్నాడు. ఫార్గోలో మా అక్క ఇంట్లో కింది గది ఖాళీగా ఉంది. పక్షవాతం వచ్చినప్పట్నించీ ఐయోనాకి మనిషి తోడు కావాలి. నువ్వుంటే అక్కకి ధైర్యం" అన్నాడు.

నువ్వుంటే. ఆ మాట నాకు కొత్త కాదు. వాళ్ళమ్మ మంచాన పడ్డప్పుడూ, "అమ్మకి నువ్వుంటే చాలు" అన్నాడు. ఆవిడకి నేను చాలడానికి ఎన్ని చలికాలాలు పట్టాయో నాకే తెలుసు. దుప్పట్లు ఉతికాను, పొయ్యిలో కాల్చే బంగాళాదుంపల కూర, హాట్‌డిష్, చేసి చెంచాతో మెత్తగా మెదిపి తినిపించాను. చూడ్డానికొచ్చిన చుట్టాలతో ఆవిడ, "మార్లిస్ మంచిపిల్లే, కాస్త పని నెమ్మది" అనేది. ఇప్పుడు ఈ ఇల్లు పోతే నా మిగతా ఆయుష్షంతా ఫార్గోలో ఇంకొకరి మంచం పక్కనే. ఈ ఇంట్లో మూడో మనిషి పడుకోవడానికి చోటు లేదు. నిజం చెప్పాలంటే అందుకే నాకు ఈ ఇల్లంటే ప్రాణం. తలుపు తీస్తే ఎడారి, తలుపు వేస్తే మేమిద్దరం. దాన్ని పోగొట్టుకోవడం నావల్ల కాదనిపించింది.

వాగు అవతల గుండ్రంగా బళ్ళు ఆపుకుని ఉండే ఒంటరి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ పెద్ద ఫ్రీడా, మొగుడు పోయాక స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. వాళ్ళకో నియమం ఉంది. ఎవరి బండి వాళ్ళే బాగుచేసుకోవాలి. సాయమొచ్చినవాళ్ళు నోటితో ఎంతైనా చెప్పొచ్చు, చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యకూడదు.

"కాస్త వచ్చి చేసిపెట్టవూ ఫ్రీడా" అన్నాను.

"వస్తాను. చెయ్యను" అంది. "ముందిది చెప్పు పిల్లా, మీ ఆయన నూనె ఎప్పుడు పోస్తాడు? జాకీలు దిగి ఉన్నప్పుడా, పైకి లాగాకా?"

"దిగి ఉన్నప్పుడే. ట్యాంకు అప్పుడేగా ఖాళీగా కనిపించేది."

ఫ్రీడా, ఆమెతో మా బండి దగ్గరికి బయల్దేరిన మరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. జాకీలు దిగి ఉంటే నూనె వాటి కడుపులో ఉంటుందట. అప్పుడు ట్యాంకు నింపితే, పైకి లాగినప్పుడు ఆ నూనె పోయే చోటులేక మూతలోంచి పొంగి కారుతుందట. "సగం కారడం మీ ఆయన పోసిందే. కంగారుపడకు, నేనూ ఒక చలికాలమంతా అదే పని చేశాను" అంది ఫ్రీడా.

మిగతా సగం మాత్రం నిజంగానే జాకీ నుంచి. జాకీని నమ్మి బండి కింద తలపెట్టినవాళ్ళు మళ్ళీ లేవరని ముందే హెచ్చరించి, చట్రం కింద మందపాటి చెక్క దిమ్మెలు నాచేతే పేర్పించారు. బండి బరువు దిమ్మెల మీద కూర్చున్నాక కిందకి దూరాను. గులకరాళ్ళు వీపులో గుచ్చుకున్నాయి. జిడ్డంతా గుడ్డతో తుడిచి, వెండెల్ కాళ్ళకి రాసుకునే పౌడరు జాకీ చుట్టూ చల్లాను. బయటికొచ్చి మీట నొక్కి జాకీని కొంచెం దింపి, మళ్ళీ దూరి చూస్తే, పైపు బిగించే చోట తెల్లటి పౌడరు మీద సన్నటి ఎర్రగీత పాకుతూ వచ్చింది. ఎంత చిన్న చోటు! దీనికోసమా మేం ఇల్లు అమ్ముకోబోయింది అనుకున్నాను.

"దొరికింది!" అని అరిచాను.

"జాకీని మళ్ళీ పైకి లాగేసి, ఒత్తిడి పోయాక విప్పు. రెండు పానాలు వాడు. ఒకటి పట్టుకోడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్కదాంతో తిప్పావంటే పైపు మెలిపడుతుంది" అంది ఫ్రీడా బయటినుంచి.

అంతసేపూ పక్కనే మడతకుర్చీలో కూర్చున్న వెండెల్ లేవబోయాడు. "అలా కాదు, ఇటివ్వు నేను..."

"వెండెల్, జేబులు" అంది ఫ్రీడా. పాపం, పెట్టుకున్నాడు.

పైపు చివర రబ్బరు రింగు ఎండిపోయి పగిలింది. ఫ్రీడా డబ్బాలోంచి అలాంటి కొత్తది ఏరుకుని, నూనెలో ముంచి తొడిగాను. మొదటిసారి అడ్డంగా ఎక్కింది, తీసి మళ్ళీ పెట్టాను. బిగించాక జాకీలు పైకి ఉండగానే ట్యాంకు నింపి, లోపలి గాలి పోయేదాకా వాటిని దింపుతూ లేపుతూ కూర్చున్నాను. పౌడరు తెల్లగానే ఉండిపోయింది. ఆ ముగ్గురూ చూస్తుండగా నేను ఏడ్చేశాను. నా పని చేసిపెట్టినవాళ్ళకి జీవితంలో చాలాసార్లు కృతజ్ఞతలు చెప్పాను. నా చేతిలోంచి లాక్కోకుండా ఓపికపట్టి నిలబడినవాళ్ళు వీళ్ళే మొదలు. వాళ్ళకి ఎలా చెప్పాలో తెలియక, చిక్కుడుగింజలూ మాంసం వేసి చేసి ఉంచిన చిల్లీ కూర గిన్నెతో సహా ఇచ్చి పంపాను.

మర్నాడు మధ్యాహ్నం వెండెల్ అక్కకి ఫోన్ చేశాడు. "జాకీ బాగైపోయింది. ఇక తేలిగ్గా అమ్ముడుపోతుంది. మార్లిస్ వచ్చిందంటే నీకు ఏ లోటూ ఉండదు."

చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, "ఇలా ఇవ్వు" అని ఫోన్ తీసుకున్నాను. "ఐయోనా, నువ్వు వేరే మనిషిని చూసుకోవాలి. నేను రావడం లేదు."

"నిన్ను రమ్మని నేనెప్పుడన్నాను?" అంది ఐయోనా. "బండిలో తిరగలేక నువ్వే ఇల్లు కావాలని ఏడుస్తున్నావన్నాడు వాడు. పోనీలే పాపం అని సరేనన్నాను. నాకు రోజూ ఒకమ్మాయి వస్తోంది మార్లిస్, మాకు పేకాట కూడా కుదిరింది."

ఫోన్ పెట్టేసి వెండెల్ వైపు తిరిగాను. మోకాళ్ళు రుద్దుకుంటూ, "కిందకి దూరలేకపోతున్నా" అన్నాడు. "ఆ మాట నీతో చెప్పడంకంటే బండి అమ్మేయడం తేలికనిపించింది."

కోపమొచ్చింది, జాలీ వేసింది. అయినా ఆ క్షణంలో నాకు ఎక్కువగా కలిగింది కృతజ్ఞతే. ఫ్రీడా మీద, ఐయోనా మీద, ఆ పగిలిన రబ్బరు రింగు మీద కూడా. అది గట్టిగా ఉండి ఉంటే వెండెల్ మోకాళ్ళ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

"శనివారం వస్తానన్నాయన నంబరు చెప్పు" అన్నాను. వెండెల్ చెప్పాడు, నేను నొక్కాను.

"బండి అమ్మడం లేదండీ, ఊరికే శ్రమపడి రాకండి" అన్నాను ఆయనతో.

"అయ్యో, అలాగా? ఒక్క నిమిషం, బండి యజమానిని పిలుస్తారా అమ్మా?"

"యజమానితోనే మాట్లాడుతున్నారుగా" అన్నాను.