బడి మూసి నేర్చుకోమన్న పాఠం

బడుల్ని బాగుచెయ్యడానికని సర్కారువారు మండల కేంద్రంలో టీచర్ల సెంటరు తెరిచేరు. గది కట్టేరు, బీరువా కొన్నారు, చార్టులిచ్చేరు. అంతా బాగానే ఉంది. నెలనెలా అక్కడి మీటింగుకి పోవాలంటే మాత్రం జయమ్మ తన బడికి తాళం వెయ్యాలి. కాట్రేనికోన అవతలి ఆ పేటలో ఐదు తరగతులకీ పంతులమ్మ ఆవిడొక్కతే. తాళం పడ్డ రోజున పిల్లలు తల్లుల వెంట కొబ్బరి పీచు పనికి పోతారు. చేతికి కూలి రుచి తగిలిన పిల్ల మళ్ళీ పలక ముట్టదు.

లోవమ్మ కూతురు సూర్యకుమారి అలాగే పోయింది. జయమ్మ వాళ్ళ గుమ్మం అరిగేలా తిరిగితే, లోవమ్మ ఒక్క షరతు మీద తిరిగి పంపింది. ఇంకోసారి బడి మూస్తే పిల్ల పీచుకే, ఇక అడగడానికి రావొద్దంది.

అంతలోనే మీటింగు కబురొచ్చింది. రాకపోతే మెమో. సెంటరు పెద్ద సూర్యప్రకాశరావుగారికి మొరపెట్టుకుంటే, పైనుంచొచ్చిన ఉత్తర్వమ్మా, నేనేం చేసేది అన్నాడు. బడి మూయకూడదు, మీటింగు మానకూడదు. సరే, బడినే తీసుకుపోతాననుకుంది జయమ్మ. పొద్దున్నే పిల్లలందర్నీ కాలవగట్టు వెంట నడిపించింది. చిన్నవాళ్ళని ఎత్తుకోడానికి లోవమ్మ కూడా పని మానుకుని వచ్చింది.

సెంటర్లో ఆవేళ నమూనా పాఠం. చెప్పేది అందుకని ట్రైనింగై వచ్చిన బాలగంగాధరంగారు. పక్కబడి మూడో తరగతికి ముందే అంతా వల్లె వేయించి కూర్చోబెట్టేరు. ప్రశ్న పూర్తికాకుండానే చేతులు లేచిపోతున్నాయి.

"వీళ్ళకి చెప్పండి," అని జయమ్మ తన పిల్లల్ని ముందుకి తోసింది. "ఐదు తరగతులకీ ఒకేసారి. నాకు కావలసిందదేనండి."

పాపం, ఆయన మొదలెట్టేడు. మూడో తరగతికి లెక్కల పుల్లలు పంచేలోగా ఒకటో తరగతి ఏడుపు లంకించుకుంది, ఐదో తరగతి కిటికీ ఎక్కింది. ఆయన చెమట తుడుచుకుని, మాకు ట్రైనింగులో ఒక్క తరగతికే చెప్పేరమ్మా అన్నాడు. ఆయన్ని అని లాభం లేదు. ఆ ట్రైనింగు రాసినవాడు ఏ పేట బడి గడపా తొక్కి ఉండడు.

సూర్యప్రకాశరావుగారు పిల్లల్ని వరండాలోకి పంపేసి, పుల్లలు ఏరించి బీరువాలో పెట్టి తాళం వేసేడు. సామాను పోతే తన మెడకి చుట్టుకుంటుందని ఆయన భయం.

జయమ్మ వరండాలోనే పాఠం ఎత్తుకుంది. అరిచింది, బతిమాలింది, చివరికి రెండు తరగతుల్ని గాలికొదిలి మిగతావాళ్ళకి చెప్పింది. రోజూ జరిగేదీ అంతే. లోపలికొచ్చి సంతకం పెడితేనే హాజరని బంట్రోతు వచ్చి చెప్పేడు.

"నేను బడిలో ఉన్నానని చెప్పు."

లోవమ్మ కిటికీలోంచి లోపలికి చూస్తూ అడిగింది. "అంతమంది మేష్టర్లున్నారు కదండీ. తరగతికొకరు బయటికొస్తే సరిపోదాండీ?"

ఆ మాట లోపలివాళ్ళకి వినపడింది. వరప్రసాదం మేష్టారు సగం లేచి, పక్కవాళ్ళని చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఇంకెవరూ కదల్లేదు.

తిరుగుదారిలో లోవమ్మ, పిల్లని పంపుతాలెండి, మీరు మాట తప్పలేదు అంది. కాస్త దూరం నడిచేక అంది. "నెలనెలా మీ కూడా రాలేనండి. నా కూలి పోతంది."

"ఆయ్," అంది జయమ్మ. పై నెల మీటింగు తేదీ అప్పటికే సెంటరు బోర్డు మీద రాసేసేరు. ఆ సంగతి లోవమ్మకి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.